కింద నంబర్ గీకేసి ఉందా?

పోయిన శనివారం మధ్యాహ్నం మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపాడు. వాడు బీటెక్ సెకండియర్. సోమవారం నుంచి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్. సొంత ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనట. ఇంట్లో ఇచ్చింది 20 వేలు.

'అన్నా, 18 వేలకి ఇస్తానంటున్నాడు. ఐ5, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ. సాయంత్రం లోపు చెప్పాలంట. ఇంకో ఇద్దరు అడుగుతున్నారంట. తీసుకోమంటావా?'

మూడు ఫొటోలు బాగున్నాయి. స్క్రీన్ మీద మచ్చ లేదు, కీబోర్డు పెద్దగా అరగలేదు. నాలుగోది ల్యాప్‌టాప్‌ని బోర్లా పెట్టి తీసింది. అడుగున అగ్గిపెట్టెంత జాగాలో స్టిక్కర్ ఉండాలి, లేదు. దానంతట అది ఊడిపోయినట్టూ లేదు. బ్లేడుతో గీకినట్టు సన్నటి గీతలు.

'సీరియల్ నంబర్ ఏదిరా?' అని అడిగా.

'స్టిక్కర్ పాతదై పోయిందంట అన్నా. లోపల అన్నీ ఒరిజినలేనంట.'

ఇన్ని 'అంట'లు వింటే నాకు భయం. ఎందుకంటే ఒకప్పుడు అచ్చం ఇలాంటి మాటే నమ్మి నేనూ ఒకటి కొన్నా. 'వద్దు' అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ స్టిక్కర్ లేని ప్రతి ల్యాప్‌టాప్ దొంగసొత్తు కాదు. ఆ తేడా తెలియకపోతే వాడు ఇవాళ దీన్ని వదిలేసి రేపు ఇంకోదాని దగ్గర దొరికిపోతాడు. అందుకే ఫోన్ చేసి నా సంగతి మొత్తం చెప్పా. మీకూ చెప్తా.

తెల్ల చీటీ మీద కొన్నది

2016. నేను థర్డియర్. సాయంత్రం 5 దాకా కాలేజీ ల్యాబ్, రాత్రి రూమ్మేట్ పడుకున్నాక వాడి ల్యాప్‌టాప్. అలా నడిచేది నా కోడింగ్. నాన్న చిట్టీ పాడి 15 వేలు చేతిలో పెట్టారు. ఓ చిన్న షాపులో 14,500కి నల్లటి బిజినెస్ మోడల్ ఒకటి కొన్నా. అడుగున గీకిన గుర్తు చూసి అడిగితే, 'కంపెనీల నుంచి వచ్చే మాల్ అంతా ఇంతే తమ్ముడూ' అన్నాడు షాపాయన. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద 'ల్యాప్‌టాప్ – 1' అని రాసిచ్చాడు.

ఆన్ చేసిన ప్రతిసారీ నల్ల స్క్రీన్ మీద ఒక లైన్ వచ్చేది: మెషీన్ సీరియల్ నంబర్ ఇన్‌వాలిడ్. ఎస్కేప్ నొక్కితే విండోస్ వచ్చేసేది. రెండేళ్లు రోజూ ఎస్కేప్ నొక్కా. దానర్థం ఏంటో ఒక్కసారి కూడా గూగుల్ చేయలేదు. చిన్న ఎర్రర్ వస్తే పది సైట్లు వెతికేవాణ్ని, దీన్ని మాత్రం వెతకలేదు. నిజం చెప్పాలంటే తెలుసుకోవడం ఇష్టం లేదు.

జావా నేర్చుకున్నది దాని మీదే. ఫైనలియర్ ప్రాజెక్టు దాని మీదే. 2018లో ఉద్యోగంలో చేరడానికి హైదరాబాద్ వస్తుంటే రాత్రి బస్సులో ఆ బ్యాగు పోయింది. తెల్లారి లేచి చూస్తే పైన ర్యాక్ ఖాళీ.

పోలీస్ స్టేషన్‌లో రైటర్ కంప్లయింట్ రాసుకుంటూ అడిగారు. మోడల్? చెప్పా. రంగు? చెప్పా. సీరియల్ నంబర్? తెలీదన్నా. బిల్లు? ఫోన్‌లో ఉన్న తెల్ల చీటీ ఫొటో చూపించా. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా రాసుకున్నారు.

ఐదు నెలల తర్వాత ఫోన్ వచ్చింది. దొంగ దొరికాడు, వచ్చి చూసుకోమన్నారు. టేబుల్ మీద ఆరు ల్యాప్‌టాప్‌లు. నాది చూడగానే గుర్తుపట్టా. ఎడమ షిఫ్ట్ కీ మూల విరిగి ఉంటుంది. 'ఆన్ చేస్తే ఒక ఎర్రర్ వస్తుంది చూడండి సార్' అని ముందే చెప్పా. ఆన్ చేశారు, వచ్చింది. లోపల మాత్రం అంతా ఫార్మాట్ చేసేసి ఉంది. నా ఫైలు ఒక్కటీ లేదు.

ఎస్సై గారు నెమ్మదిగా అడిగారు. 'నీ దగ్గర్నుంచే పోయిందంటే నమ్ముతా. కానీ నీకు అమ్మినోడికి ఇది ఎక్కడిది?'

నా దగ్గర సమాధానం లేదు. పక్కనే ఇంకొకాయన అట్టపెట్టె తెచ్చుకున్నారు. పెట్టె మీద నంబరూ ల్యాప్‌టాప్ మీద నంబరూ కలిసింది. కోర్టు ద్వారా విడిపించుకోవడానికి కాగితాలు రాయించుకుంటున్నారు. నేను చీటీ ఫొటో పట్టుకుని కాసేపు నిలబడి, వదిలేసి బయటికి వచ్చేశా.

మెట్లు దిగుతుంటే ఇంకో మాట తట్టింది. ఆ నంబర్ గీకకముందు ఆ ల్యాప్‌టాప్ ఎవరిదో ఒకరిది. దొంగతనం జరిగి ఉంటే, నాకంటే ముందు ఇంకెవరో ఇలాగే ఏదో స్టేషన్ మెట్లు దిగి ఉంటారు. వాళ్ల ప్రాజెక్టూ పోయి ఉంటుంది. ఆ రెండేళ్లు నేను రోజూ ఎస్కేప్ నొక్కి దాటేసింది ఆ మనిషినేనేమో. ఇప్పటికీ తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు, ఎందుకంటే దారి చూపించాల్సిన నంబరే లేదు.

నంబర్ ఒక్కచోటే ఉండదు

ఉద్యోగంలో చేరాక తెలిసిన విషయం ఇది. సీరియల్ నంబర్ అంటే అడుగున అంటించిన స్టిక్కర్ ఒక్కటే అనుకుంటాం. అది మూడు చోట్ల ఉంటుంది.

ఒకటి, బాడీ మీద. స్టిక్కర్‌గా కానీ, చెక్కిన అక్షరాలుగా కానీ. కొన్ని పాత మోడళ్లలో బ్యాటరీ తీస్తే దాని కింద ఉంటుంది. మ్యాక్‌బుక్ అయితే అడుగున చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. డెల్‌లో దీన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు. 7 అక్షరాలు, అంకెలు.

రెండు, మదర్‌బోర్డు మీద ఉండే చిన్న మెమరీ చిప్‌లో. బయోస్ ఉండేది కూడా అక్కడే. విండోస్ తీసేసి మళ్లీ వేసినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా ఈ నంబర్ మారదు.

మూడు, అట్టపెట్టె మీదా బిల్లు మీదా.

ఈ మూడూ ఒకటే అయితే ఆ ల్యాప్‌టాప్‌కి ఒక చరిత్ర ఉన్నట్టు. సెకండ్‌హ్యాండ్‌లో పెట్టె దొరకడం అరుదు. కాబట్టి బాడీ, బయోస్ రెండూ కలిస్తే చాలు.

బయోస్ చూడటం పెద్ద విద్యేం కాదు. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఆన్ చేయగానే ఒక కీ టకటకా నొక్కాలి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. మొదటి పేజీలోనో, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అన్నచోటో నంబర్ కనిపిస్తుంది. మ్యాక్‌లో అయితే యాపిల్ గుర్తు నొక్కి 'అబౌట్ దిస్ మ్యాక్' తెరిస్తే చాలు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో 'అబౌట్' పేజీలో డివైస్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ అని రెండు ఉంటాయి. అమ్మేవాడు వాటిని చూపించి 'ఇదిగో నంబర్' అంటాడు. అవి విండోస్‌కి సంబంధించినవి. విండోస్ మళ్లీ వేస్తే డివైస్ ఐడీ మారిపోతుంది. అలాగే ఎస్‌ఎస్‌డీకీ బ్యాటరీకీ విడివిడిగా సొంత నంబర్లు ఉంటాయి. అవీ ల్యాప్‌టాప్ నంబర్ కావు.

డెల్ వాడే ఇంజినీరింగ్ బ్యాచ్‌కి ఒక చిట్కా. సర్వీస్ ట్యాగ్ పక్కన ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్ అని పొడుగాటి అంకెలుంటాయి. అది వేరే నంబర్ కాదు. 0 నుంచి 9, ఏ నుంచి జెడ్ కలిపి 36 గుర్తులతో రాసిన సంఖ్యే సర్వీస్ ట్యాగ్. దాన్ని మామూలు దశాంశంలోకి మారిస్తే ఈ కోడ్ వస్తుంది. కాబట్టి ట్యాగ్ అరిగిపోయినా పక్కనున్న అంకెలు కనిపిస్తే ట్యాగ్‌ని వెనక్కి లెక్కేసుకోవచ్చు. ఫస్టియర్‌లో బేస్ కన్వర్షన్ ఎందుకు చెప్పారా అనుకున్నవాళ్లకి ఇదో సమాధానం.

నిజాయితీగా పోయిన నంబర్లూ ఉంటాయి

సికింద్రాబాద్ సీటీసీలోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో దొరికే సెకండ్‌హ్యాండ్ బిజినెస్ మోడళ్లలో చాలావరకు కంపెనీలు కొన్నేళ్లు వాడి ఒకేసారి వదిలించుకున్నవి. కంపెనీలు వాటి మీద తమ లెక్క కోసం బార్‌కోడ్‌తో వేరే స్టిక్కర్ వేస్తాయి. దాన్ని అసెట్ ట్యాగ్ అంటారు. అమ్మేముందు దాన్ని పీకేస్తారు. ఆ జిగురు మరక చూసి భయపడక్కర్లేదు. ల్యాప్‌టాప్ సొంత సీరియల్ నంబర్ ఉందా లేదా అన్నదే ప్రశ్న.

అది కూడా మంచి కారణాలతో పోవచ్చు. వేడికి, చెమటకి, ఒళ్లో పెట్టుకుని రాసుకుపోయి స్టిక్కర్ తెల్లబడుతుంది. అలాంటప్పుడు అరుగుదల సమంగా ఉంటుంది, అంచుల్లో కాస్త కాగితం మిగులుతుంది. బయోస్‌లో నంబర్ నిక్షేపంగా ఉంటుంది. అడుగు ప్లాస్టిక్ పగిలి వేరే ల్యాప్‌టాప్‌ది బిగిస్తే బాడీ మీద ఒక నంబర్, బయోస్‌లో ఇంకో నంబర్ ఉంటాయి. మదర్‌బోర్డు మార్చినప్పుడు మెకానిక్ కొత్త బోర్డులో పాత నంబర్ ఎక్కించకపోతే బయోస్‌లో ఖాళీగానో, ఇన్‌వాలిడ్ అనో వస్తుంది. నాకు రెండేళ్లు కనిపించిన లైన్ అలాంటిదే కావచ్చు. బోర్డు మార్చారేమో. కానీ బోర్డు మార్చినవాడికి అడుగున స్టిక్కర్ గీకాల్సిన పనేముంది? రెండూ ఒకేసారి పోవడం దగ్గరే ఆగిపోవాలి.

కాబట్టి నా లెక్క ఇది. స్టిక్కర్ పోయి బయోస్‌లో నంబర్ ఉంటే: ఆ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, వచ్చిన మోడల్ చేతిలో ఉన్నదే అయితే ముందుకెళ్లొచ్చు. స్టిక్కర్ ఉండి బయోస్ ఖాళీగా ఉంటే: రిపేర్ ఎక్కడ చేయించారో, దానికి కాగితం ఉందో అడగాలి. రెండు చోట్లా లేకపోతే: ధర ఎంత తక్కువైనా లేచి వచ్చేయాలి. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉండి అది తనకి తెలీదని అమ్మేవాడు అంటే: అప్పుడూ అంతే.

నంబర్ కలిసినా ఇంకో మెట్టు ఉంది

బయోస్‌లో నంబర్ దొరికిందని సంబరపడి వెంటనే డబ్బులు కొట్టేయొద్దు. కంపెనీ ల్యాప్‌టాప్‌లు నెట్ తగలగానే తమ యజమానిని గుర్తుపడతాయి. విండోస్ ఆటోపైలట్‌లో నమోదైనదైతే, కొత్తగా సెటప్ చేసేటప్పుడు ఫలానా కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటుంది. మ్యాక్‌బుక్ అయితే యాక్టివేషన్ లాక్ కానీ, రిమోట్ మేనేజ్‌మెంట్ స్క్రీన్ కానీ వస్తుంది. చాలా బిజినెస్ మోడళ్ల బయోస్‌లో అబ్సొల్యూట్ అనే ట్రాకింగ్ మాడ్యూల్ ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది. దాన్ని యాక్టివేట్ చేసి ఉంటే ఎస్‌ఎస్‌డీ మార్చినా తిరిగొస్తుంది.

నెట్ లేకుండా విండోస్ వేసి అమ్మితే ఇవేవీ షాపులో బయటపడవు. మీ రూమ్‌కి వచ్చి, ఎప్పుడో రీసెట్ కొట్టినప్పుడు బయటపడతాయి. అందుకే అమ్మేవాడి ముందే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో సెటప్ పూర్తి చేయండి. గంట పడుతుంది, టీ తాగుతూ కూర్చోండి. సరైన సరుకు ఉన్నవాడు ఆ గంట కూర్చోనిస్తాడు.

నంబర్ అక్కరకొచ్చేది దొంగతనం విషయంలోనే కాదు. 2019 జూన్‌లో యాపిల్ 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలు కొన్నింటిని వెనక్కి పిలిచింది. ప్రధానంగా 2015 సెప్టెంబర్ నుంచి 2017 ఫిబ్రవరి మధ్య అమ్మినవి. బ్యాటరీ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని. ఆ ఆగస్టులో మన డీజీసీఏ వాటిని విమానంలో తీసుకురావద్దని ప్రయాణికులకి చెప్పింది. చేతిలో ఉన్నది ఆ జాబితాలోదా కాదా అని తేల్చేది సీరియల్ నంబరే. నంబర్ లేకపోతే మన మంచం మీద ఉన్న బ్యాటరీ ఏ రకందో మనకే తెలీదు.

ఫోన్‌కి ఉంది, ల్యాప్‌టాప్‌కి లేదు

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఐఎంఈఐ చూడాలని ఇప్పుడు అందరికీ తెలుసు. కేవైఎం అని టైప్ చేసి ఐఎంఈఐ నంబర్ జోడించి 14422కి మెసేజ్ పెడితే వివరాలొస్తాయి. ఫోన్ పోతే సంచార్ సాథీలో బ్లాక్ చేయించుకోవచ్చు. 2023 నుంచి ఇది దేశమంతా ఉంది. ఐఎంఈఐ మార్చడం నేరమని 2017 నుంచే రూల్స్ ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌కి ఇలా ఒక్క నంబర్ కొట్టి 'ఇది దొంగదా?' అని అడిగే ప్రభుత్వ జాబితా మన దగ్గర లేదు. ఆ జాబితా పని మనమే చేసుకోవాలి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవడం, అమ్మినవాళ్ల పేరు, ఐడీ తీసుకోవడం, డబ్బు యూపీఐలో పంపడం. ఇవి మర్యాద తక్కువ పనులేం కావు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. దొంగసొత్తని తెలిసి కానీ, అలా అనుమానించడానికి తగిన కారణం కళ్ల ముందు ఉండి కానీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బ్లేడుతో గీకిన నంబర్‌ని చూసి కూడా కొన్నాక 'నాకేం తెలీదు' అంటే ఎంతమంది నమ్ముతారు? కేసు లేకపోయినా, తనది కాని వస్తువుని అమ్మినవాడు మనకి యాజమాన్య హక్కు ఇవ్వలేడన్నది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని మూల సూత్రం. అసలు మనిషి వస్తే వస్తువు వాళ్లకి పోతుంది. డబ్బు మనకి పోతుంది.

సాయంత్రం 6 గంటలకి

ఇదంతా విన్నాక మావాడు ఒకటే అడిగాడు. 'మరి సోమవారం సంగతేంటన్నా?'

అదే అసలు ప్రశ్న. 2016లో నాదీ అదే ప్రశ్న. అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు గీతలు కనబడవు. వాణ్ని తప్పుపట్టలేకపోయా. 'ముందు బయోస్ చూపించమని అడుగు. తేడా వస్తే నా పాత ల్యాప్‌టాప్ వారం రోజులు వాడుకో' అన్నా.

వాడు వెళ్లాడు. ఎఫ్2 నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. అమ్మేవాడు మొదట నవ్వాడంట, తర్వాత విసుక్కున్నాడంట, చివరికి 'వెయ్యి తగ్గిస్తా' అన్నాడంట. నంబర్ అడిగితే ధర తగ్గింది! అక్కడే మావాడికి అర్థమైపోయింది. వచ్చేశాడు.

ఆదివారం ఇద్దరం కలిసి తిరిగాం. ఐదో షాపులో 19,500కి ఒకటి దొరికింది. 8 జీబీ ర్యామే. బ్యాటరీ గంటన్నర మించి రావట్లేదు. మూత మీద అసెట్ ట్యాగ్ పీకేసిన జిగురు మరక. అడుగున నంబర్, బయోస్‌లో నంబర్ ఒకటే. నా హాట్‌స్పాట్‌తో రీసెట్ చేశాం, ఏ కంపెనీ పేరూ అడగలేదు. బిల్లు మీద నంబర్ రాయమంటే షాపాయన అడగకుండానే స్టాంపు కూడా వేసిచ్చాడు. సోమవారం పొద్దున వాడు లాగిన్ అయ్యాడు.

ఇది చదువుతున్న మీరు కొత్తది కొన్నా పాతది కొన్నా, ఇప్పుడే ల్యాప్‌టాప్‌ని ఒకసారి బోర్లా తిప్పండి. నంబర్‌కి ఫొటో తీసి, బిల్లు ఫొటోతో కలిపి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ ఫొటో ల్యాప్‌టాప్‌లో మాత్రం దాచుకోకండి. పోయేది అదే కదా.

ఆదివారం రాత్రి మావాడు వాట్సాప్‌లో ఐదో ఫొటో పంపాడు. కొత్త ల్యాప్‌టాప్ అడుగు భాగం, నంబర్ ఒక్కో అక్షరం స్పష్టంగా. కింద ఒక మెసేజ్.

'అన్నా, నీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచు.'